మీ డేటాబేస్ ఏ రోజు నిండుతుంది? కాంటా దగ్గర నేర్చుకున్న లెక్క

యాసంగి వడ్లు జోరుగా దిగుతున్న రోజులు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. మిర్యాలగూడ బయట, రైస్ మిల్లులకు పోయే రోడ్డు మీదున్న వేబ్రిడ్జి ఆపరేటర్ చేశాడు. "అన్నా, బండి కాంటా మీదనే ఉంది. బరువు కనిపిస్తుంది, సేవ్ కొడితే ఎర్రర్ వస్తుంది. చీటీ వస్తలేదు. వెనక ఇరవై బండ్లు ఆగినయ్."

నేను వెళ్లేసరికి అతను తెల్లకాగితాల మీద బండి నంబర్, బరువు, టైమ్ రాసి సంతకం పెట్టి ఇస్తున్నాడు. డ్రైవర్లు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. కంప్యూటర్ చీటీ లేకపోతే మిల్లు గేటు దగ్గర దించుకోరని వాళ్ల భయం. తెర మీద 1105 నంబర్ ఎర్రర్ ఉంది, ప్రైమరీ ఫైల్‌గ్రూప్‌లో, అంటే డేటా దాచే ఫైళ్లలో చోటు లేదని. హార్డ్ డిస్క్ చూస్తే సగానికి పైగా ఖాళీ. సర్వర్ లాగ్ తెరిస్తే అసలు కారణం దొరికింది: డేటాబేస్ సైజు లైసెన్స్ హద్దు 10240 ఎంబీ దాటుతోంది, ఇక పెరగనివ్వను అని. అది ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, ఉచితంగా వచ్చే ఎడిషన్. ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ, అంతే.

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. మిల్లులకు, వేబ్రిడ్జిలకు, ఎరువుల దుకాణాలకు కంప్యూటర్లు చూసుకుంటూ పదిహేనేళ్లు గడిచాయి. 10 జీబీ అన్న అంకె ఎన్నోసార్లు చదివాను. ఏ రోజు నిండుతుందని మాత్రం ఒక్కసారీ లెక్క కట్టలేదు. బండి ఫోటోలు డేటాబేస్‌లోనే పెడదాం, బ్యాకప్ ఒక్క ఫైల్‌తో అయిపోతుంది అని సలహా ఇచ్చింది కూడా నేనే. ఆ రాత్రి మొదటి పది రోజుల ఫోటోలు పాత బ్యాకప్‌లో భద్రంగా ఉన్నాయని తెరిచి చూసుకుని, ఇక్కడి నుంచి తుడిచేస్తే చోటు దొరికి బండ్లు కదిలాయి. మర్నాటి నుంచి నేను చూసే ప్రతి డేటాబేస్‌కూ ఈ లెక్క కట్టడం మొదలుపెట్టాను. ఎలా కట్టాలో ఇక్కడ రాస్తున్నాను. దీనికి కూడిక, గుణకారం వస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ పుస్తకంలో రాసిన హద్దు ఎక్కడి నుంచి వస్తుంది

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డేటాను పేజీలుగా కోసి డిస్క్ మీద పెడుతుంది. మన ఖాతా పుస్తకంలాగే ప్రతి పేజీకి ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ రాయడానికి 32 బిట్ల చోటు ఇచ్చారనుకోండి, అప్పుడు మొత్తం 429 కోట్ల 49 లక్షల పైచిలుకు పేజీలకే నంబర్లు వేయగలం. దాన్ని పేజీ సైజుతో గుణిస్తే హద్దు వచ్చేస్తుంది.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా పేజీ 8 కేబీ. అందుకే ఒక్క టేబుల్ (వరుసల పట్టిక) 32 టీబీ దాటదు. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగమైన ఇన్నోడీబీ పేజీ 16 కేబీ, అందుకని ఒక టేబుల్‌స్పేస్ (టేబుళ్లు ఉండే చోటు) 64 టీబీ. ఎస్‌క్యూలైట్‌లో పేజీ 4 కేబీగా వదిలేస్తే 16 టీబీ, 64 కేబీకి పెంచితే 256 టీబీ. ఒరాకిల్ మామూలు డేటాఫైల్‌లో బ్లాక్ నంబర్‌కు 22 బిట్లే ఇచ్చారు కాబట్టి 8 కేబీ బ్లాక్‌తో ఒక ఫైల్ 32 జీబీ దగ్గర ఆగుతుంది, రెండో ఫైల్ జోడించాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక డేటాఫైల్ 16 టీబీ, డబ్బు పెట్టి కొన్న ఎడిషన్లలో మొత్తం డేటాబేస్ 5,24,272 టీబీ. పోస్ట్‌గ్రెస్ అయితే మొత్తం డేటాబేస్‌కు హద్దే పెట్టలేదు.

ఈ అంకెలు ఒకసారి తెలుసుకుని పక్కన పెట్టేయండి. ఎందుకంటే, సెకనుకు 100 ఎంబీ చదివే హార్డ్ డిస్క్ మీద 32 టీబీ టేబుల్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చదవాలంటే దాదాపు నాలుగు రోజులు పడుతుంది. సోమవారం ఉదయం బ్యాకప్ మొదలుపెడితే గురువారం రాత్రి దాకా నడుస్తూనే ఉంటుంది. మన దగ్గర ఏ మిల్లూ, ఏ ఆసుపత్రీ, ఏ మార్కెట్ యార్డూ ఆ అంకె దరిదాపుల్లోకి పోదు. మనల్ని ఆపేవి దానికంటే ఎంతో ముందు ఎదురయ్యే చిన్న హద్దులు.

వాటిలో మొదటిది ఉచిత ఎడిషన్ హద్దు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2008 ఆర్2 నుంచి 2022 దాకా 10 జీబీ. 2025 వెర్షన్‌లో దాన్ని 50 జీబీకి పెంచారు. మార్పులన్నీ వరుసగా రాసుకునే లాగ్ ఫైల్ ఈ లెక్కలోకి రాదు, డేటా ఫైలే లెక్క. ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ 18సీ, 21సీలలో 12 జీబీ. యాక్సెస్ ఫైల్ 2 జీబీ, అది కూడా తుడిచిన చోటు దానంతట అది తగ్గదు, కాంపాక్ట్ అండ్ రిపేర్ నడపాలి. ఎక్సెల్‌నే డేటాబేస్‌గా వాడేవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్లకు షీటుకు 10,48,576 వరుసలు, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్ అయితే 65,536. ఎక్స్‌ప్రెస్‌లో ఇంకో హద్దు కూడా ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. డేటాను మెమరీలో ఉంచుకోవడానికి 2016 వెర్షన్ నుంచి అది 1410 ఎంబీ మాత్రమే వాడుకుంటుంది. మీరు 16 జీబీ ర్యామ్ వేసినా అంతే. దీని సంగతి కింద మళ్లీ వస్తుంది.

రోజు లెక్క కట్టే పద్ధతి

ఒక కాగితం తీసుకోండి. మీ టేబుళ్లలో రోజూ పెరిగేవి ఏవో రాయండి. రైతుల పేర్లు, మిల్లుల పేర్లు, వడ్ల రకాలు లాంటి టేబుళ్లను వదిలేయండి, అవి ఏళ్లు గడిచినా పెద్దగా కదలవు. పెరిగేది తూకాల టేబుల్, బిల్లుల టేబుల్, ఫోటోల టేబుల్, లాగ్ టేబుల్. సాధారణంగా నాలుగైదుకు మించవు.

ఇప్పుడు ఒక్కో దానిలో ఒక వరుస ఎన్ని బైట్లో కూడండి. పూర్ణాంకానికి 4, పెద్ద పూర్ణాంకానికి 8, తేదీ సమయానికి 8, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన పేరుకు అక్షరానికి ఒకటి. వరుస మోయడానికి సాఫ్ట్‌వేర్ తనకోసం కొంత వాడుకుంటుంది, త్వరగా వెతకడానికి కట్టే ఇండెక్సులు మరికొంత తింటాయి. నేను కూడిన మొత్తాన్ని రెట్టింపు చేస్తాను. చాలాచోట్ల అది సరిపోయింది.

ఆ వేబ్రిడ్జి లెక్కే చెబుతాను. సీజన్‌లో రోజుకు 300 బండ్లు. బండి నంబర్, డ్రైవర్ పేరు, నిండు బరువు, ఖాళీ బరువు, రెండు టైములు, మిల్లు కోడ్, తేమ శాతం. ఇండెక్సులతో కలిపి బండికి 400 బైట్లు అనుకుందాం. రోజుకు 1,20,000 బైట్లు, అంటే ఎంబీలో ఎనిమిదో వంతు కూడా కాదు. ఈ వేగంతో 10 జీబీ నిండాలంటే 200 ఏళ్లు దాటుతాయి.

ఇప్పుడు ఫోటోలు. నిండు బండికి ముందు ఒకటి, వెనక ఒకటి, ఖాళీగా తిరిగొచ్చినప్పుడు మళ్లీ రెండు. మొత్తం నాలుగు, ఒక్కోటి 150 కేబీ. బండికి 600 కేబీ, రోజుకు 300 బండ్లకు 180 ఎంబీ. 10,240ని 180తో భాగిస్తే 57 రోజులు.

యాభై ఏడు రోజులు! ఒక్క సీజన్ కూడా నిండదు. ఈ భాగహారం నేను కెమెరాలు బిగించిన రోజున చేసి ఉంటే అయిదు నిమిషాల పని. అంతమంది డ్రైవర్లు అర్ధరాత్రి దాకా నిలబడే పని ఉండేది కాదు.

కాగితం లెక్క అంచనా మాత్రమే. దాన్ని అసలు డేటాబేస్‌తో సరిచూడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎస్‌పీ స్పేస్‌యూజ్డ్ అనే ప్రొసీజర్ నడిపితే మొత్తం సైజు, ఖాళీ చోటు చెబుతుంది. టేబుల్ పేరు ఇస్తే ఆ టేబుల్ సైజు, ఇండెక్సుల సైజు విడివిడిగా ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ డేటాబేస్ సైజ్, పీజీ టోటల్ రిలేషన్ సైజ్ అని రెండు ఫంక్షన్లు ఉన్నాయి, మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమాలోని టేబుల్స్ అనే వ్యూలో డేటా లెంగ్త్, ఇండెక్స్ లెంగ్త్ కాలమ్‌లు కలపండి. అది ఉజ్జాయింపు అంకె, అయినా సరిపోతుంది. ఎస్‌క్యూలైట్, యాక్సెస్ అయితే ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే చాలు.

ఈ రోజు ఒకసారి కొలవండి, సరిగ్గా వారానికి మళ్లీ కొలవండి. తేడా ఏడుతో భాగిస్తే రోజు పెరుగుదల. అయితే ఏ వారంలో కొలిచారన్నది ముఖ్యం. జూన్ నెలలో కొలిస్తే మిల్లు డేటాబేస్ నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. వానకాలం పంట వచ్చే నవంబర్‌లో, యాసంగి వచ్చే ఏప్రిల్‌లో కొలవాలి. ఏడాది సగటు తీసుకుని మోసపోకండి. మన దగ్గర వ్యాపారం ఏడాది పొడవునా ఒకేలా సాగదు, నాలుగు నెలల్లోనే అంతా మీద పడుతుంది.

అంకెల కాలమ్‌లు నిండడం

డిస్క్‌లో చోటున్నా, లైసెన్స్ హద్దు దూరంగా ఉన్నా, ఒక కాలమ్ నిండిపోయి పని ఆగిపోవచ్చు. వరుస నంబర్‌కు వాడే కాలమ్ రకం చూడండి. స్మాల్‌ఇంట్ (చిన్న పూర్ణాంకం) అయితే 32,767 దగ్గర ఆగుతుంది. రోజుకు 300 టోకెన్లు ఇచ్చే చోట 110వ రోజు మధ్యాహ్నానికి ముందే అయిపోతుంది. నేను మరో చోట సరిగ్గా ఇదే చూశాను. అక్కడ అందరూ ప్రింటర్ పాడైందనుకుని రెండు గంటలు ప్రింటర్‌తో కుస్తీ పట్టారు.

మామూలు ఇంట్ 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాకా పోతుంది. రోజుకు 300 తూకాలకు అది వేల ఏళ్లకు సరిపోతుంది. కానీ అదే వేబ్రిడ్జిలో లోడ్‌సెల్ (బరువును కొలిచే సెన్సర్) రీడింగ్‌లను సెకనుకు పదేసి చొప్పున లాగ్ టేబుల్‌లో రాస్తే రోజుకు 8,64,000 వరుసలు. అప్పుడు ఏడేళ్లు నిండకముందే ఇంట్ నిండిపోతుంది. వేబ్రిడ్జి కంప్యూటర్లు ఏడేళ్లు నడవవా? నడుస్తాయి, నేను పన్నెండేళ్లవి చూసుకుంటున్నాను.

ఇంకో విషయం. వేసిన వరుసల సంఖ్య, వాడిన నంబర్ల సంఖ్య ఒకటి కావు. మధ్యలో రద్దయిన ఎంట్రీ కూడా నంబర్‌ను తినేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 నుంచి ఐడెంటిటీ నంబర్లను, అంటే తనంతట తానే వేసే వరుస నంబర్లను, ముందే గుత్తగా తీసి పెట్టుకుంటుంది. కరెంటు పోయి సిస్టమ్ ఒక్కసారిగా ఆగితే ఇంట్ కాలమ్‌లో నంబర్ ఒకేసారి 1000 దూకుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ పాడైన చోట ఇది నెలకు నాలుగుసార్లు జరుగుతుంది. మిల్లు యజమాని వచ్చి "మధ్యలో వెయ్యి చీటీలు ఏమైనయ్?" అని అనుమానంగా అడుగుతాడు. అందుకని చీటీ నంబర్‌గా ఐడెంటిటీ కాలమ్‌ను ఎప్పుడూ చూపించకండి. చీటీకి వేరే క్రమ సంఖ్య పెట్టండి.

కొత్త టేబుల్ చేసేటప్పుడు వరుస నంబర్‌కు బిగ్ఇంట్ (పెద్ద పూర్ణాంకం) పెట్టేయండి. వరుసకు నాలుగు బైట్లు ఎక్కువ, కోటి వరుసలకు కలిపి 40 ఎంబీ లోపే. తర్వాత మార్చాలంటే టేబుల్‌లోని ప్రతి వరుసనూ తిరగరాయాలి, అంతసేపు టేబుల్ తాళం పడి ఉంటుంది, పాతదానికీ కొత్తదానికీ కలిపి చోటు కావాలి. నిండిపోయిన రోజునే ఆ చోటు, ఆ సమయం రెండూ ఉండవు.

తెలుగులో రాసేవాళ్లకు

మన భాషలో పేర్లు పెట్టాలని నాకు పట్టుదల. రైతు చేతికిచ్చే చీటీ రైతు చదవగలగాలి. అందుకే ఈ లెక్క విడిగా చెబుతున్నాను. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, అక్షరం అంటే గుణింతం గుర్తు, పొల్లు గుర్తు కూడా విడివిడిగా లెక్క. మిర్యాలగూడ అన్న మాట మన కంటికి అయిదు అక్షరాలు. కంప్యూటర్‌కు పది గుర్తులు, 30 బైట్లు. అదే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 11 బైట్లు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఏ భాషైనా పట్టే ఎన్‌వార్‌కార్ రకంలో గుర్తుకు రెండు బైట్లు కాబట్టి 20. అక్కడ మామూలు వార్‌కార్ కాలమ్‌లో తెలుగు వేస్తే చాలాచోట్ల అన్నీ ప్రశ్నార్థకాలే మిగులుతాయి, మళ్లీ వెనక్కి రావు.

కాబట్టి పేరుకు 30 గుర్తులు చాలనుకుని పెట్టిన కాలమ్ తెలుగు పేరుకు చాలదు. ఇంటిపేరు, ఒత్తులు కలిస్తే ఇట్టే దాటిపోతుంది. నేను 100 పెడతాను. వార్‌కార్ రకాల్లో వాడని చోటు డిస్క్ మీద పడదు కాబట్టి నష్టం లేదు. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం ఒక జాగ్రత్త. ఒక వరుసలోని కాలమ్‌లన్నీ కలిపి 65,535 బైట్లు దాటకూడదన్న నియమం ఉంది, యూటీఎఫ్-8కి మైఎస్‌క్యూఎల్ పూర్తి రూపమైన యూటీఎఫ్8ఎంబీ4లో గుర్తుకు నాలుగు బైట్ల చొప్పున ముందే లెక్కేస్తుంది. ఇండెక్స్ వేసే కాలమ్‌కు 3072 బైట్లు, అంటే 768 గుర్తులు. పాత వరుస ఫార్మాట్ అయితే 767 బైట్లే, అందుకే పాత సాఫ్ట్‌వేర్లలో 191 అనే వింత అంకె కనిపిస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ పేరూ కాలమ్ పేరూ తెలుగులో పెట్టవచ్చు, నేను పెట్టాను కూడా. కానీ పేరుకు 63 బైట్లే. తెలుగులో 21 గుర్తులు. దాటితే ఎర్రర్ ఇవ్వదు, ఒక చిన్న నోటీసు ఇచ్చి తోక కత్తిరిస్తుంది. పొడుగాటి పేర్లు రెండు మొదట్లో ఒకేలా ఉంటే రెండూ ఒకటే అయిపోతాయి. పేర్లు పొట్టిగా పెట్టండి.

అసలు హద్దు గంటల్లో ఉంటుంది

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది.

కంప్యూటర్ పోయింది అనుకోండి. పిడుగు పడింది, డిస్క్ చచ్చింది, ఎవరో వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టారు. మీ వ్యాపారం ఎంతసేపు ఆగగలదు? ఇది కంప్యూటర్ ప్రశ్న కాదు, యజమానిని కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్న. నేను "సేటూ, సీజన్‌లో కాంటా ఎంతసేపు ఆగితే తట్టుకుంటవ్?" అని అడిగితే ఆయన ఆలోచించి "రెండు గంటలు. అంతకు మించితే బండ్లు పక్క కాంటాకు పోతయ్" అన్నారు. ఆ రెండు గంటలే డేటాబేస్ సైజు హద్దు.

దాన్ని జీబీల్లోకి మార్చడానికి బ్యాకప్‌ను ఇంకో కంప్యూటర్‌లో తిరిగి నిలబెట్టి చూడాలి. గడియారం పెట్టుకుని చేయండి. ఫైల్ కాపీ అవడం మొదలు మొదటి చీటీ బయటికొచ్చే దాకా ఎంత పట్టిందో రాసుకోండి. సైజును ఆ సమయంతో భాగిస్తే సెకనుకు ఎన్ని ఎంబీలో వస్తుంది. నాకు ఒక చోట సెకనుకు 40 ఎంబీ వచ్చింది. రెండు గంటలంటే 7200 సెకన్లు, గుణిస్తే 281 జీబీ. కంగారులో చేసే పని ఎప్పుడూ ఆలస్యమవుతుంది కాబట్టి సగం చేసి 140 జీబీ అని రాసుకున్నాను.

ఈ వేగం బ్యాకప్ రకాన్ని బట్టి బాగా మారుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్ పేజీలను ఉన్నవున్నట్టు తీసి ఉన్నవున్నట్టు పెడుతుంది. మైఎస్‌క్యూఎల్ డంప్, పోస్ట్‌గ్రెస్ డంప్ (డేటాను ఆదేశాల రూపంలో రాసిన ఫైల్) అలా కాదు. వరుసలను మళ్లీ ఒక్కొక్కటిగా వేసి, ఇండెక్సులన్నీ మొదటి నుంచి కట్టాలి. మహబూబ్‌నగర్‌లో ఒక ఎరువుల వ్యాపారి దగ్గర డంప్ తీయడానికి 20 నిమిషాలు పట్టింది, తిరిగి ఎక్కించడానికి గంటన్నర దాటింది. సెకనుకు 5 ఎంబీ వేగం వస్తే అదే రెండు గంటల హద్దు 35 జీబీకి పడిపోతుంది, జాగ్రత్త కోసం సగం చేస్తే 17. డిస్క్ 1 టీబీ ఉంది కదా అని ధీమాగా ఉన్న మనిషికి అసలు హద్దు 17 జీబీ అని చెప్పడం కష్టమే, కానీ చెప్పాలి.

బ్యాకప్ ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటాయి, అందులో ఒక ఫైల్ 4 జీబీకి చేరితే ఎక్కదు. డేటాబేస్ 3.9 జీబీ ఉన్నంత కాలం రోజూ కాపీ అయింది, ఒక రోజు దాటింది, ఆ రోజు నుంచి ఆపరేటర్ ఎర్రర్ మూసేసి ఇంటికి పోయాడు. రెండు నెలలు ఎవరికీ తెలియలేదు. పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ప్రెస్‌లో బ్యాకప్‌ను కుదించే సదుపాయం లేదు, దానంతట అది బ్యాకప్ తీసే ఏజెంట్ కూడా లేదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో పెట్టుకోవాలి.

వరుసలు పెరిగితే వెతకడం నెమ్మదిస్తుందన్న భయం చాలామందికి ఉంటుంది. ఇండెక్స్ సరిగ్గా ఉంటే ఆ భయం అక్కర్లేదు. ఇండెక్స్ చెట్టులాంటిది, ఒక్కో పేజీ కింద వందల నుంచి వెయ్యి దాకా కొమ్మలు ఉంటాయి. లక్ష వరుసల్లో ఒక చీటీ వెతకడానికి రెండు మూడు పేజీలు తిరగేస్తే, పది కోట్ల వరుసల్లో మూడు నాలుగు. నెమ్మదించేది వేరే కారణంతో. రోజూ తాకే డేటా మెమరీలో పట్టనప్పుడు ప్రతిదానికీ డిస్క్ దగ్గరికి పోవాలి. ఎక్స్‌ప్రెస్‌కు 1410 ఎంబీ అని పైన చెప్పాను కదా. ఎవరైనా నెల రోజుల ఫోటోలు చూసే రిపోర్ట్ తెరిస్తే ఆ ఫోటోలు వచ్చి మెమరీలో కూర్చుంటాయి, తూకాల వరుసలు బయటికి పోతాయి. కాంటా దగ్గర సేవ్ కొడితే గిర్రున తిరుగుతూ ఉంటుంది.

హద్దు దగ్గరపడితే

సాగర్ డ్యామ్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. 590 నిండాక చూద్దామని ఎవరూ కూర్చోరు, పైనుంచి ఎంత వరద వస్తోందో చూసి గేట్లు ఎత్తుతారు. డేటాబేస్‌కూ అలాగే. ఎంత శాతం నిండిందని కాదు, ఇప్పటి వేగంతో ఎన్ని రోజులు మిగిలిందని చూడండి. నేను రెండు సీజన్లకు సరిపడా చోటు లేకపోతే పని మొదలుపెడతాను.

మొదట ఫోటోలు, పీడీఎఫ్‌లు బయటికి తీయండి. సంవత్సరం, నెల, రోజు పేర్లతో ఫోల్డర్లు చేసి ఫైల్ అక్కడ పెట్టి, దారిని మాత్రం డేటాబేస్‌లో రాయండి. అప్పుడు ఫోల్డర్‌కు విడిగా బ్యాకప్ కావాలి, అది మరచిపోతే ఫోటోలు పోతాయి. ఫోటోలకే వేరే డేటాబేస్, సీజన్‌కొకటి చేయడం ఇంకో దారి. ఎక్స్‌ప్రెస్ హద్దు డేటాబేస్‌కు కానీ సర్వర్‌కు కాదు కాబట్టి ఇది నడుస్తుంది. కానీ బండికి నాలుగు ఫోటోల లెక్కన 57 రోజుల్లో నిండిపోతుందని చూశాం, ఫోటో నాణ్యత తగ్గించి సైజు సగం చేస్తేనే సీజన్ గట్టెక్కుతుంది. తూకాల టేబుల్‌ను మాత్రం సీజన్‌కొక డేటాబేస్‌గా విడగొట్టకండి. రైతు వచ్చి మూడేళ్ల కిందటి తూకం అడుగుతాడు. ఆరు చోట్ల వెతకాల్సి వస్తే ఆ రైతును మళ్లీ రమ్మని తిప్పుతారు.

పాత డేటా తుడిచేటప్పుడు ఒకేసారి లక్ష వరుసలు తుడవకండి, లాగ్ ఫైల్ ఉబ్బిపోతుంది, టేబుల్ తాళం పడుతుంది. అయిదు వందల చొప్పున, కాంటా ఖాళీగా ఉన్న వేళ చేయండి. తుడిచాక ఫైల్ సైజు తగ్గలేదని కంగారు పడకండి, లోపల ఖాళీ అయిన చోటు కొత్త వరుసలకు వాడుకుంటుంది. ష్రింక్ చేస్తే, అంటే ఫైల్‌ను బలవంతంగా కుదిస్తే, ఇండెక్సులు చెల్లాచెదురు అవుతాయి, నేను తప్పనిసరైతేనే చేస్తాను. పోస్ట్‌గ్రెస్‌లో తుడిచిన వరుస, మార్చిన వరుస పాత రూపం వ్యాక్యూమ్ అనే ఊడ్చే పని వచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఎవరైనా ఒక ట్రాన్సాక్షన్ (కలిపి చేసే మార్పుల గుంపు) తెరిచి వదిలేసి ఇంటికి పోతే వ్యాక్యూమ్ కూడా ఏమీ ఎత్తలేదు. దానంతట అదే నడిచే ఆటోవ్యాక్యూమ్‌ను ఎప్పుడూ ఆపకండి, 32 బిట్ల ట్రాన్సాక్షన్ నంబర్లు తిరిగి మొదటికి వచ్చినప్పుడు పాత డేటా పోకుండా కాపాడేది కూడా అదే. డేటా ఏటా పెద్ద ఎత్తున తీసేసే చోట టేబుల్‌ను సీజన్ వారీగా పార్టిషన్లు, అంటే ముక్కలు చేస్తే, పాత పార్టిషన్‌ను క్షణంలో విడదీయవచ్చు. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఇది తేలిక, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఎక్స్‌ప్రెస్‌లో కూడా ఉంది.

డేటా ఫైల్ 3 జీబీ, లాగ్ ఫైల్ 60 జీబీ ఉంటే అది డేటా సమస్య కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రికవరీ మోడల్‌ను, అంటే లాగ్‌ను ఎంతకాలం దాచాలన్న సెట్టింగ్‌ను, ఫుల్‌లో పెట్టి లాగ్ బ్యాకప్ తీయడం మరచిపోయారని అర్థం. లాగ్ బ్యాకప్ తీయండి, లేదా రాత్రి బ్యాకప్ ఒక్కటే చాలనుకుంటే సింపుల్‌కు మార్చండి.

ఆ వేబ్రిడ్జి బల్ల మీద ఇప్పుడు ఒక నోటు పుస్తకం ఉంది. ప్రతి ఒకటో తారీఖున ఆపరేటర్ అందులో అయిదు అంకెలు రాస్తాడు: డేటా ఫైల్ సైజు, తూకాల టేబుల్ వరుసలు, చివరి వరుస నంబర్, ఫోటోల ఫోల్డర్ సైజు, రాత్రి బ్యాకప్ ఫైల్ సైజు. ఏదైనా అంకె కిందటి నెలకంటే రెట్టింపు పెరిగితే నాకు ఫోన్ చేస్తాడు. ఏప్రిల్‌కు ముందు, నవంబర్‌కు ముందు నేను వెళ్లి ఒకసారి బ్యాకప్‌ను పాత ల్యాప్‌టాప్‌లో నిలబెట్టి, టైమ్ చూసి, ఆ పేజీ కింద రాసి సంతకం పెడతాను. కిందటిసారి 11 నిమిషాలు పట్టింది.